మోటరు డబ్బాలో ఉన్న సిమ్‌కు మీ మెసేజీ ఎవరు చదివి చెప్పాలి?

టెలికాం శాఖ అధికారులకు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చైర్మన్ గారికి, మొబైల్ కంపెనీలు నడిపే పెద్దలకు,

నమస్కారం.

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం పక్కన నాకు మోటర్ వైండింగ్ షాపు ఉంది. బోరు మోటర్లు విప్పడం, కాలిపోతే కాయిల్ చుట్టడం, స్టార్టర్లు, ప్యానెల్ బోర్డులు బిగించడం నా పని. పన్నెండేళ్లుగా మొబైల్ స్టార్టర్లు కూడా బిగిస్తున్నాను. ఎవరికి బిగించానో, ఏ ఊరో, మోటరు ఎన్ని హెచ్‌పీనో, డబ్బాలో వేసిన సిమ్ నంబరు ఎంతో ఒక పొడుగు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. నిన్న రాత్రి కూర్చుని లెక్కపెడితే 340 పైన తేలాయి. మీరు 2జీ తగ్గిస్తూ పోతే ఆ 340 సిమ్‌లకు ఏమవుతుందన్నదే ఈ లేఖ. అవి మీ కస్టమర్లే. వాటికీ అందరిలాగే రీచార్జి పడుతోంది. కానీ మీరు పంపిన మెసేజీ అవి చదవలేవు, సిగ్నల్ పోతే మీకు ఫోన్ చేసి అడగలేవు.

మొబైల్ స్టార్టర్ అంటే ఏంటో ముందు చెబుతాను. ఢిల్లీలో ఉన్నవాళ్లకు బోరు దగ్గరి సంగతి తెలియకపోవడం తప్పేం కాదు.

మా పక్క వెయ్యి అడుగులు దిగిన బోర్లు కొత్త కాదు. వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటలు త్రీఫేజ్ కరెంటు ఉచితంగా ఇస్తారు. అది ఎన్ని గంటలకు మొదలవుతుందన్నది ఫీడర్‌ను బట్టి ఉంటుంది, ఒక్కోసారి తెల్లారకముందే వస్తుంది. మధ్యలో పోతుంది, మళ్లీ వస్తుంది. పోయి వచ్చినప్పుడల్లా మోటరు ఆగిపోతుంది కాబట్టి ఎవరో ఒకరు వెళ్లి పచ్చ బటన్ నొక్కాలి. ఇల్లు ఊళ్లో ఉంటే బోరు కిలోమీటరో రెండు కిలోమీటర్లో అవతల ఉంటుంది. కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యే ఆటో స్టార్టర్లు ఉన్నాయి కానీ, అన్ని మోటర్లూ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. అందుకే లైన్‌మన్లు ఆటో స్టార్టర్ కనిపిస్తే తీసేయమంటారు.

మొబైల్ స్టార్టర్‌తో ఆ తిప్పలు తీరాయి. డబ్బాలో ఒక సిమ్ ఉంటుంది. కరెంటు వస్తే అది రైతుకు ఫోన్ చేసి చెబుతుంది. రైతు కాల్ చేసి ఒక నంబరు నొక్కితే మోటరు ఆన్, ఇంకో నంబరు నొక్కితే ఆఫ్. ‘మోటర్ ఆన్ అయింది’ అని తెలుగులో గొంతు వినిపిస్తుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, బోర్లో నీళ్లు అయిపోయి మోటరు ఒట్టిగా తిరుగుతున్నా అదే ఆపేసి, ఆపానని కబురు చెబుతుంది. చదువు రానివాళ్లు కూడా కీప్యాడ్ ఫోన్‌తో నడుపుకుంటారు. ఎవరికైనా బిగించి మొదటిసారి కాల్ చేయించినప్పుడు, దూరంగా బోరు గొట్టంలోంచి నీళ్లు దూకడం చూసి వాళ్ల ముఖంలో వచ్చే వెలుగు చూడాలి. నా వృత్తిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే.

మా పక్క ఇది సుఖం కోసం పెట్టుకునే వస్తువు కాదు. కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న ఊళ్లు మావి. పలమనేరు, బంగారుపాళ్యం, అటు కుప్పం దాకా రాత్రిపూట ఏనుగులు పొలాల మీద పడతాయి. వాటిని మళ్లించడానికి పలమనేరు దగ్గర ముసలిమడుగులో తర్ఫీదు పొందిన కుంకీ ఏనుగుల క్యాంపు పెట్టారంటే సమస్య ఎంతదో మీరే ఊహించండి. స్టార్టరు డబ్బా వెచ్చగా ఉంటుంది కాబట్టి పాములు కూడా అందులో చేరతాయి. ఆ డబ్బాను చీకట్లో తెరవాల్సిన పని తప్పించింది ఒక చిన్న సిమ్ కార్డు.

ఇప్పుడు మొన్నటి ఎండాకాలంలో జరిగింది చెబుతాను.

అడవి పక్క ఊళ్లో ఒక పెద్దాయన. రెండెకరాల తోతాపురి మామిడి తోట, ఎకరా టమాట. ఆరేళ్ల కిందట నేనే స్టార్టరు బిగించాను. ఒకరోజు ఫోన్ చేసి, ‘నాయనా, డబ్బా నాలుగు రోజులుగా పలకడం లేదు. నేను చేస్తే స్విచ్చాఫ్ అంటోంది’ అన్నాడు. నాకు ఆ వారం చేతి నిండా పని. రేపొస్తా మామా, ఎల్లుండొస్తా మామా అంటూ మూడు రోజులు గడిపేశాను. ఆ మూడు రోజులు నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉన్నాయి.

వెళ్లేసరికి డబ్బా వేప చెట్టు కింద రాతికూసానికి ఎప్పటిలాగే ఉంది. మూత తీసి బోర్డు చూశాను. ఇలాంటి బోర్డుల మీద నెట్‌వర్క్ లైటు ఒకటి ఉంటుంది. నెట్‌వర్క్ దొరికితే మూడు సెకన్లకోసారి మిణుకుతుంది. దొరక్క వెతుకుతూ ఉంటే దాదాపు సెకనుకోసారి టకటకా మిణుకుతుంది. అది సెకనుకోసారి మిణుకుతోంది. ఎన్ని రోజులుగా అలా వెతుకుతోందో.

సిమ్ పాడైందేమోనని తీసి నా ఫోన్‌లో వేశాను. 4జీ, నిండా గీతలు. కాల్ వెళ్తోంది, వీడియో కూడా ఆడుతోంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘2జీ ఓన్లీ’ అని మార్చాను. గీతలు మొత్తం పోయాయి. ఫోన్ పట్టుకుని గట్టు మీదికెక్కితే ఒక గీత వచ్చింది, దిగితే పోయింది. ఆరేళ్లుగా ఆ చోట 2జీ బాగానే అందేది. ఆ కంపెనీ టవరులో ఏం తగ్గించిందో, ఏం మార్చిందో నాకు తెలియదు, చెప్పినవాళ్లు లేరు. కస్టమర్ కేర్‌కు చేస్తే ‘మీ ఏరియాలో నెట్‌వర్క్ ఫుల్‌గా ఉంది సార్, ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అన్నారు. వాళ్ల స్క్రీన్ మీద 4జీ కనిపిస్తోంది, నా డబ్బాకు కావాల్సింది 2జీ. ఆ అమ్మాయికి ఆ తేడా చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. విని, సారీ సార్ అంది. ఆమె తప్పు కూడా లేదు.

అప్పుడు సిమ్ లోపల దాచుకున్న మెసేజీలు తెరిచి చూశాను. రీచార్జి గుర్తు చేసేవి, పాటల ఆఫర్లు, వాటి మధ్యలో రెండు ఇంగ్లిష్ మెసేజీలు. మా నెట్‌వర్క్ మెరుగుపరుస్తున్నాం, మంచి సేవల కోసం 4జీ ఫోనుకు మారండి, దగ్గరి స్టోరుకు వెళ్లండి అని వాటి సారాంశం. అది వచ్చింది వేప చెట్టు కింద కూసానికి బిగించిన డబ్బాకు. ఆ డబ్బా ఏ స్టోరుకు వెళ్తుంది?

ఇంతలో జరగాల్సింది జరిగిపోయింది. డబ్బా పలకడం లేదని పెద్దాయన ఎవరో కుర్రవాడితో కంట్రోల్ వైర్లు పీకించి పాత స్టార్టరుకు డైరెక్ట్ చేయించుకున్నాడు. కాయలు పిందె మీద ఉన్నాయి, నీళ్లు పారించకపోతే రాలిపోతాయి, ఆయన్ని తప్పు పట్టలేను. కానీ డైరెక్ట్ చేసినప్పుడు ఒట్టిగా తిరిగితే ఆపే రక్షణ కూడా పోయింది. తెల్లారకముందే ఆయనా, ఆయన భార్యా టార్చి పట్టుకుని వెళ్లి మోటరు వేసి వచ్చేవాళ్లు. దానికి రెండు రోజుల ముందే పక్క చేనులో ఏనుగులు పడి డ్రిప్పు పైపులు తొక్కేసి పోయాయి. భయంతో అక్కడ నిలబడకుండా వేయగానే వెనక్కి వచ్చేవాళ్లు. అలా వచ్చిన ఒకరోజు బోర్లో నీళ్లు తగ్గి, మోటరు ఒట్టిగా తిరిగి తిరిగి కాలిపోయింది.

తొమ్మిది వందల అడుగుల నుంచి పైపులు లాగి, మోటరు బయటికి తీసి, ఆ మోటరు నా షాపుకే తెచ్చారు. మూత విప్పితే కాలిన వార్నిష్ కంపు. లాగడానికి, దించడానికి, వైండింగ్‌కు కలిపి 18 వేలు. నా కూలి తీసుకోవడానికి నాకు చేయి రాలేదు. స్టార్టరుకు పొడుగు వైరున్న యాంటెన్నా వేసి వేప కొమ్మ చివర కట్టాను. లైటు మూడు సెకన్లకోసారి మిణుకడం మొదలుపెట్టింది. ఎన్నాళ్లు మిణుకుతుందో నాకు తెలియదు. మీకు తెలుసు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

2జీని ఎప్పటికీ ఆపొద్దని నేను అడగడం లేదు. ఎందుకు ఆపాలనుకుంటారో నాకు అర్థమవుతుంది. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది, అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు గారు కేంద్ర టెలికాం మంత్రి సుఖ్ రామ్ గారితో మాట్లాడారు. అంత పాత కాలపు పద్ధతికి స్పెక్ట్రమ్ (సిగ్నల్ నడిచే రేడియో తరంగాల వాటా) కేటాయించి, పాత పరికరాలకు కరెంటు కాల్చి, మూడు నాలుగు తరాలను ఒకే టవరు మీద మోయడం ఖర్చే. అదే స్పెక్ట్రమ్ 4జీకి ఇస్తే ఎన్నో రెట్లు ఎక్కువ పని చేస్తుంది. 2020 జూలై 31న, ఆ మొదటి కాల్‌కు పాతికేళ్లు నిండిన రోజున, ముకేశ్ అంబానీ గారు 2జీని చరిత్రలో కలిపేయాలని, అందుకు ప్రభుత్వం విధానం తేవాలని కోరారు. 2016 సెప్టెంబర్ 5న మొదలైన జియోకు అసలు 2జీ లేదు, అందుకే ఆ సిమ్ మా పాత డబ్బాల్లో పని చేయదు. ఎయిర్‌టెల్ 2019, 2020లలో 3జీ తీసేసి 4జీకి వాడుకుంది, 2జీ మాత్రం ఉంచింది. 2025 సెప్టెంబర్ 27న ఝార్సుగూడలో ప్రధాని బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీని ప్రారంభించారు. దారి ఎటు పోతోందో కనిపిస్తూనే ఉంది.

కానీ ఈ చర్చ జరిగిన ప్రతిసారీ ఫోన్ల గురించే జరుగుతోంది. ఎంతమంది దగ్గర కీప్యాడ్ ఫోన్లున్నాయి, వాళ్లకు చవకగా 4జీ ఫోన్ ఎలా ఇవ్వాలి, ఇంతవరకే. ఫోన్ మనిషి చేతిలో ఉంటుంది. సిగ్నల్ పోతే ఆ నిమిషమే తెలుస్తుంది, మూడు నాలుగేళ్లకు ఎలాగూ మారుస్తాడు. యంత్రంలో ఉన్న సిమ్ అలా కాదు. ఒకసారి బిగిస్తే పదేళ్లు దాని మొహం చూడరు. లోపలున్నది వేలిగోరంత చిప్పు, నేను విప్పిన పాత డబ్బాల్లో ఎక్కువ వాటిలో సిమ్800, సిమ్900 అనే రకాల చిప్పులే. అవి పుట్టిందే 2జీకి. సాఫ్ట్‌వేర్ మారిస్తే 4జీ అయ్యేవి కావు. బోర్డే మార్చాలి.

మోటర్లు నా పని కాబట్టి వాటి గురించి ఇంత రాశాను. మిగతావి చూడండి. పాల కేంద్రంలో వెన్న శాతం కొలిచి రైతు ఫోనుకు మెసేజీ పంపే మిషన్లో సిమ్ ఉంటుంది. బట్టల షాపులో కార్డు గీకే మిషన్లో, టీకొట్టు మీద ‘యాభై రూపాయలు వచ్చాయి’ అని చెప్పే పెట్టెలో సిమ్ ఉంటుంది. ఇవి ఆగితే కనీసం అప్పుడే తెలుస్తుంది, షాపాయన గోల చేస్తాడు, కంపెనీ మనిషి వచ్చి మార్చిపోతాడు.

తెలియకుండా ఆగిపోయేవాటి గురించే నాకు ఎక్కువ భయం. తిరుపతి రైల్వే స్టేషన్ ముందు నిలబడి చూడండి, కొండకూ కాణిపాకానికీ శ్రీకాళహస్తికీ వెళ్లే టాక్సీలు ఎన్ని ఉంటాయో. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరైన ప్రజా రవాణా వాహనాల్లో ఎక్కడుందో చెప్పే పరికరం, ఆపదలో నొక్కే ఎర్ర బటన్ ఉండాలని నిబంధన పెట్టారు. ఆ బటన్ నొక్కితే కబురు వెళ్లేది లోపలున్న సిమ్ ద్వారానే. అప్పట్లో బిగించిన వాటిలో 2జీ చిప్పులున్న చోట, రేపు 2జీ లేని రోజున ఆ బటన్ ఎర్రగా అలాగే కనిపిస్తుంది. వెనక సీట్లో చంటిబిడ్డతో ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి దాన్ని చూసి ధైర్యంగా ఉంటుంది. పని చేయదన్న సంగతి నొక్కిన రోజే తెలుస్తుంది. అప్పటికి ఆలస్యం అయిపోతుంది. ఈ ఒక్కటి తలచుకుంటే నాకు నిద్ర పట్టదు, నాకూ ఆడపిల్లలున్నారు.

మనకంటే ముందు ఈ పని చేసిన దేశాలున్నాయి. మా తోడల్లుడి కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటాడు, అతను చెప్పాక నేనూ చదివి తెలుసుకున్నాను. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా, ఆప్టస్ 3జీని 2024 ఆగస్టు 31తో ఆపాలనుకున్నాయి. కానీ కొన్ని ఫోన్లు మామూలు కాల్స్ 4జీలో చేస్తూ, అత్యవసర నంబరు 000కి మాత్రం 3జీ మీదే ఆధారపడ్డాయని తేలింది. చేతిలో ఫోన్ బాగానే ఉంది, ప్రాణం మీదికొస్తే మాత్రం కాల్ పోదు. దాంతో తేదీని అక్టోబర్ 28కి జరిపారు. ఎవరైనా సరే 3 అని టైప్ చేసి 3498కి పంపితే వాళ్ల ఫోన్ సంగతి చెప్పే ఏర్పాటు చేశారు. ముసలివాళ్లు మెడలో వేసుకునే మెడికల్ అలారాలు, కార్డు మిషన్లు, పొలంలో పెట్టే పరికరాలు కూడా చూసుకోండని విడిగా చెప్పారు. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరి 22న 3జీ ఆపింది. అంతకుముందు ఇళ్లలో దొంగల అలారాలు, మంటల అలారాలు బిగించే కంపెనీలు, కొవిడ్ వల్ల ఇంటింటికీ వెళ్లి మార్చలేకపోయాం, ఇంకొంత గడువివ్వండని అక్కడి ప్రభుత్వాన్ని వేడుకున్నాయి. బ్రిటన్‌లో 2జీ, 3జీలను 2033కల్లా ఆపాలని ప్రభుత్వం, కంపెనీలు కలిసి నిర్ణయించి 2021 డిసెంబర్‌లోనే ప్రకటించాయి. పన్నెండేళ్ల ముందు. అక్కడి స్మార్ట్ మీటర్లలో చాలా వాటికి సమాచారం పంపే భాగం మార్చాల్సి వస్తోంది, అందుకే ఆ సమయం కావాలి.

స్మార్ట్ మీటర్లంటే గుర్తొచ్చింది. మన దేశంలోనూ 25 కోట్ల స్మార్ట్ మీటర్లు పెట్టాలని 2021లోనే పథకం తెచ్చారు. మా దక్షిణ కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. గోడకు బిగించే ఏ మీటర్లో ఏ తరం సిమ్ ఉందో, అది ఏ సంవత్సరం దాకా పని చేస్తుందో ఆ మీటరు మీదే రాసి ఉండాలని వాళ్లనూ కోరుతున్నాను.

ఇంకో సంగతి, ఇది షాపులో కూర్చునేవాళ్లకే తెలుస్తుంది. ‘4జీ స్టార్టర్లు వచ్చాయి కదా, అవి బిగించు’ అంటారు. వచ్చాయి. పాతదానికంటే నా దగ్గర వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ పడుతుంది, అది సర్దుకోవచ్చు. సమస్య అది కాదు. కొన్ని 4జీ డబ్బాలు యాప్‌తో మాత్రమే నడుస్తాయి, కాల్ చేస్తే పలకవు. స్మార్ట్‌ఫోన్ లేని, ఉన్నా యాప్ తెరవడం రాని డెబ్బై ఏళ్ల రైతుకు అది ఇస్తే, ఆయన మళ్లీ టార్చి పట్టుకుని బయల్దేరతాడు. ఇంకొన్ని ఇంకా మోసం చేస్తాయి. పెట్టె మీద 4జీ అని పెద్దగా రాసి ఉంటుంది. డేటా 4జీలోనే వెళ్తుంది. కాల్ వస్తే మాత్రం లోపల వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే ఏర్పాటు, లేక 2జీకి దిగి మాట్లాడుతుంది. ఇప్పుడు రెండూ ఉన్నాయి కాబట్టి తేడా తెలియదు. 2జీ ఆగిన రోజు ఆ ‘4జీ’ డబ్బా కూడా మూగబోతుంది. ఆస్ట్రేలియా ఫోన్లలో తేలింది ఇలాంటిదే. కొత్త డబ్బా తెచ్చిన ప్రతిసారీ నేను 2జీ ఏమాత్రం అందని చోటికి తీసుకెళ్లి కాల్ చేసి చూసి గానీ అమ్మడం లేదు. అందరు మెకానిక్‌లకూ ఆ సంగతి తెలియదు. ఈ సంవత్సరం కూడా 2జీ చిప్పు ఒక్కటే ఉన్న స్టార్టర్లు మార్కెట్లో అమ్ముతున్నారు. వెయ్యి తక్కువని రైతు కొంటాడు, పదేళ్లు పని చేస్తుందనుకుంటాడు.

ట్రాయ్ వారికి ఒక కృతజ్ఞత చెప్పాలి. 2024 డిసెంబర్‌లో మీరు కాల్స్, మెసేజీలకు మాత్రమే విడిగా ప్యాకులు ఉండాలని, 365 రోజుల దాకా వ్యాలిడిటీ ఇవ్వొచ్చని ఉత్తర్వు ఇచ్చారు. అది కీప్యాడ్ ఫోన్ల వాళ్ల కోసం ఇచ్చినా మా మోటర్లకు కూడా మేలు చేసింది. డబ్బా డేటా వాడదు, అయినా అంతకుముందు డేటా ప్యాకు వేయాల్సి వచ్చేది. అదే సంవత్సరం సేవల నాణ్యత నిబంధనల్లో, ఏ ఊళ్లో 2జీ ఉందో, 4జీ ఉందో కంపెనీలు మ్యాపులో చూపాలని కూడా పెట్టారు. మంచి పని. ఆ మ్యాపు ఈరోజు సంగతి చెబుతుంది. వచ్చే సంవత్సరం సంగతి కూడా చెప్పించండి. ఫలానా టవరులో 2జీ ఫలానా నెల దాకా ఉంటుంది, ఆ తర్వాత హామీ లేదు అని ఊరి పేరుతో, తెలుగులో. కనీసం రెండేళ్ల ముందు. టవరులో 2జీని పూర్తిగా తీసేయకపోయినా, సగానికి తగ్గించినా సరే చెప్పాలి. మా పెద్దాయన డబ్బా మూగబోయింది 2జీ ఆగి కాదు, తగ్గి.

ఆ మాట సిమ్‌కు కాదు, మనిషికి చేరాలి. నెలల తరబడి ఒకే చోట, ఒకే టవరు కింద, డేటా ఏమీ వాడకుండా, రెండు మూడు నంబర్లతోనే మాట్లాడే సిమ్ ఏదో మీ కంప్యూటర్లకు తెలుసు. అది మోటరు సిమ్ అని చిన్నపిల్లాడైనా చెప్తాడు. దానికి మెసేజీ పంపకుండా, అది రోజూ ఏ నంబరుతో మాట్లాడుతోందో ఆ రైతుకు తెలుగులో ఫోన్ చేసి చెప్పించండి. గ్రామ సచివాలయంలో, రైతు సేవా కేంద్రంలో కాగితం అంటించండి. ఎరువులకు వెళ్లినప్పుడు చూస్తారు. యంత్రాల కోసం 2018లోనే 13 అంకెల నంబర్లు విడిగా తెచ్చారు. కంపెనీలు పెద్ద మొత్తంలో తీసుకునే సిమ్‌లకు అవి వచ్చాయి గానీ, మా రైతు బజారులో కొని ఆధార్ ఇచ్చి డబ్బాలో వేసుకున్న సిమ్ మామూలు పది అంకెలదే. మీ లెక్కల్లో అది ఇంకో ఫోను.

ఆస్ట్రేలియాలో పెట్టినట్టు ఇక్కడా ఒక నంబరు పెట్టండి. అక్కడ ఫోనే మెసేజీ పంపాలి, మా డబ్బాతో అది కుదరదు. కాబట్టి డబ్బాలోని సిమ్ నంబరు చెబితే, ఆ పరికరం 2జీదో 4జీదో, 2జీ లేకుండా కాల్ అందుకోగలదో లేదో చెప్పే ఏర్పాటు కావాలి. ప్రతి పరికరానికీ ఉండే ఐఎంఈఐ నంబరు మీ నెట్‌వర్క్‌లో కనిపిస్తుంది కాబట్టి ఇది మీకు అసాధ్యం కాదు. పెట్టె మీద ‘2జీ మాత్రమే’ అని, ‘4జీలో కాల్ పని చేయును’ లేదా ‘చేయదు’ అని తెలుగులో రాయించండి. 2జీ మాత్రమే ఉన్నవాటి అమ్మకం ఒక తేదీ పెట్టి ఆపించండి. పాతది ఇస్తే కొత్తది తగ్గింపుతో ఇచ్చే ఏర్పాటు గురించి స్టార్టరు కంపెనీలతో, వ్యవసాయ శాఖతో మాట్లాడండి. డబ్బా మొత్తం మార్చనక్కర్లేదు. కాంటాక్టరు, రిలే, మీటరు అన్నీ బాగానే ఉంటాయి. లోపలి సిమ్ బోర్డు ఒక్కటి మార్చుకునేలా తయారు చేయిస్తే మాలాంటి మెకానిక్‌లం అరగంటలో మార్చేస్తాం, రైతుకు సగం ఖర్చు మిగులుతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా అడుగుతున్నాను. తేదీ పెట్టేటప్పుడు మా పంట చూసి పెట్టండి. మీ కంపెనీల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, ఆపాల్సినవేవో ఆ తేదీకి ఆపేయడం మీకు అలవాటు. మాకు మార్చి అంటే మామిడి కాయ గోలీకాయంత ఉండే సమయం. అప్పుడు వారం రోజులు నీళ్లు తప్పితే కాయ రాలిపోతుంది, జూన్‌లో గుజ్జు ఫ్యాక్టరీకి తోలడానికి ఏమీ మిగలదు. టమాట, బీన్స్, చెరకు అన్నీ అప్పుడే నీళ్ల కోసం చూస్తుంటాయి. బోర్లు కూడా అప్పుడే ఎండేది. మా జిల్లాకు ఈశాన్య రుతుపవనాల్లో కూడా వానలు బాగా వస్తాయి. ఆపక తప్పదనుకుంటే కార్తీకం, మార్గశిరాల్లో ఆపండి. అప్పుడు చెరువుల్లో నీళ్లుంటాయి, బోర్లు లేస్తాయి, మోటరు పది రోజులు మూగబోయినా చేను బతుకుతుంది. మాకు కూడా ఒక్కొక్కటీ తిరిగి మార్చుకోవడానికి వీలు దొరుకుతుంది.

నా పుస్తకంలో ఉన్న 340లో ఎన్ని 2జీవో, ఎన్ని కాదో ఈ నెలలో ఒక్కొక్కటీ చూసి రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పటికి మొదటి నలభై పేజీలు అయ్యాయి. ఆ పెద్దాయన డబ్బాకు వేసిన యాంటెన్నా నిన్నటికి కూడా పని చేస్తోంది, అటు వెళ్లినప్పుడల్లా ఆగి లైటు చూసి వస్తున్నాను. మా ఊళ్ల పక్కనున్న టవర్లకు మీరు తేదీ చెప్పండి. ఆ రోజు నుంచే పుస్తకం ముందు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి చెప్పుకుంటాను.

ఇట్లు,
ఒక మోటర్ మెకానిక్,
బంగారుపాళ్యం మండలం, చిత్తూరు జిల్లా